ఛాడఖాయి పుంజు వెనక ఎనిమిది వారాలు

కార్తిక పున్నమి మరునాడు ఒడిశా సరిహద్దు పట్టణాలైన పర్లాకిమిడిలోనూ గుణుపురంలోనూ ఒకే వీధిలో రెండు రకాల వంటిళ్లు కనిపిస్తాయి. ఒడియా ఇళ్లలో ఆ రోజు ఛాడఖాయి. నెల్లాళ్లు నీచు ముట్టకుండా, చివరి అయిదు రోజుల ‘పంచుక’ను మరింత నిష్ఠగా గడిపినవారు తెల్లవారేసరికి మాంసం దుకాణాల ముందు వరస కడతారు. పక్కనే ఉన్న తెలుగు ఇంట్లో మాత్రం కార్తికం ఇంకా సగమే అయింది. ఒడియా పంచాంగంలో నెల పున్నమితో ముగుస్తుంది, తెలుగు పంచాంగంలో అమావాస్యతో. అందుకే ఒకరి విందు మరొకరి ఉపవాసాల నడుమ వచ్చి పడుతుంది.

నాలుగు పెట్టలు పెంచుకునే తెలుగు కుటుంబానికి ఇంతకంటే అనువైన అమ్మకపు రోజు ఏడాది మొత్తంలో దొరకదు. ఇంట్లో తినేవారు లేరు, కొనేవారు గుమ్మంలోకే వస్తారు. మామూలు రోజుల్లోనే బ్రాయిలర్ కంటే ఎంతో ఎక్కువ పలికే నాటుకోడికి ఆ ఉదయం బేరమాడే ఓపిక ఎవరికీ ఉండదు. అయినా సరిగ్గా ఆ వేళకు ఈడుకొచ్చిన పుంజులు పెరట్లో ఎన్ని ఉన్నాయని చూస్తే లెక్క చేతివేళ్లు దాటడం కష్టం. ధర ఉండి సరుకు లేకపోవడం రైతు ఇంట అరుదైన సంగతే. కారణం అడిగితే మాట వెంటనే జాతి మీదికి మళ్లుతుంది. మన కోళ్లు చిన్నవి, బరువు రావు, మేలు జాతి తెచ్చుకోవాలి అంటారు. అసలు చిక్కు అంతకు ముందే ఉంది. గుడ్డు పగిలిన రోజు నుంచి ఎనిమిదో వారం దాకా తల్లి వెనక ఎన్ని పిల్లలు మిగులుతున్నాయన్నదే ఇంటి మాంసాన్ని నిర్ణయిస్తుంది.

అయిదు పెట్టలున్న పెరడు అనుకుందాం. నాటు పెట్ట విడతకు పన్నెండు, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. విడతకు తొమ్మిది పిల్లలు దిగి, ఏడాదికి మూడు విడతలు నడిస్తే అయిదు పెట్టలకు 135 పిల్లలు. విడతకు నాలుగే నిలిచాయంటే మిగిలేవి 60. అందులో సగం, అంటే 30, పుంజులు. ఆరు నెలలకు ఒక్కోటి 1.3 కిలోలు తూగితే మొత్తం 39 కిలోలు. ఇక్కడ రెండు దారులున్నాయి. జాతి మార్చి ఒక్కో పుంజును 1.6 కిలోలకు తెస్తే 48 కిలోలు, అంటే తొమ్మిది కిలోలు ఎక్కువ. పాత కోళ్లనే ఉంచి, విడతకు నాలుగుకు బదులు ఏడు పిల్లలను నిలబెడితే మిగిలేవి 105. పుంజులు 52, బరువు 67 కిలోలు దాటుతుంది, అంటే 28 కిలోలకు పైగా ఎక్కువ. పెట్టలు అదనం. ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. ఎవరి పెరటి అంకెలు వారు వేసుకుని చూడవచ్చు, తక్కెడ ఎటు మొగ్గుతుందో తెలిసిపోతుంది.

ఛాడఖాయికి పుంజు ఎందుకు దొరకదో ఇప్పుడు నెలలు వెనక్కి లెక్కపెడితే తెలుస్తుంది. నవంబరుకు ఆరు నెలల పుంజు కావాలంటే అది మే నెలలో గుడ్డు పగలాలి. పొదుగుకు 21 రోజులు. అంటే ఏప్రిల్ నెలాఖరులో పెట్టను కూర్చోబెట్టాలి. ఆ ఎండల్లో గుడ్డు కోడి కిందికి చేరేలోపే చెడుతుంది. సగం మురిగిపోతాయి. దిగిన పిల్లలు నెల తిరిగేసరికి తొలకరిలో తడుస్తాయి. తడి నేల మీద రక్త పారుడు మొదలై, వానలు ముదిరేసరికి తల్లి ఒక్కటే తిరుగుతుంటుంది. సంక్రాంతి పుంజుకూ ఇదే గతి, అది జూలై వానల్లో పుట్టాలి. పెద్ద పండుగలు రెండూ పిల్ల బతకడం కష్టమైన నెలలకు ముడిపడి ఉన్నాయి. పండుగ నాటి ధరలో సగం ఆ చెడ్డ నెలలకు చెల్లించే మూల్యమే అనవచ్చు.

ఉరుములకు గుడ్లు చెడతాయని పొదుగు గంపలో ఇనుప ముక్కో బొగ్గో వేసే అలవాటు సరిహద్దుకు అటూ ఇటూ ఉంది. ఉరిమే కాలం గుడ్లకు చెడ్డ కాలమన్న పరిశీలన మాత్రం నిజమే. నిందే ఉరుము మీద పడింది. అప్పటికే వారం పది రోజులు వేడి గదిలో మగ్గిన గుడ్డుకు ఇనుము చేసేదేమీ లేదు. తడి ఇసుక మీద పెట్టిన మట్టి కుండలో గుడ్లు దాచడం, ఎండాకాలంలో అయిదారు రోజులకు మించి నిలవ పెట్టకపోవడం, ఏడో రోజు రాత్రి టార్చి వెలుతురులో చూసి రక్తనాళాలు కనిపించని గుడ్లను తీసేయడం, ఈ మూడూ ఇనుప ముక్క కంటే ఎక్కువ పనిచేస్తాయి.

పిల్లలు నిలిచే కాలం అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. నేల పొడిగా ఉంటుంది, కళ్లాల్లో రాలిన గింజ ఉంటుంది. కొరాపుట్ పీఠభూమి మీద చలి గట్టిదే కానీ తల్లి రెక్కల కింద చలిని తట్టుకున్నంతగా పిల్లలు తడిని తట్టుకోలేవు. కాబట్టి నవంబరులో అమ్మదలచిన పుంజులను ఫిబ్రవరిలోనే దించుకోవాలి. తొమ్మిది నెలలు పెరిగిన పుంజు కండ పట్టి, మరింత బరువుతో సంతకు వస్తుంది. మరి అందరూ అలా ఎందుకు చేయరు? ఫిబ్రవరి పిల్ల వేసవి దాటాలి. వేసవిలో కొక్కెర తెగులు వస్తుంది.

ఈ తెగులుకు పుస్తకాల్లో ఉన్న పేరు రాణీఖేత్. 1920ల చివర్లో ఈ దేశంలో దీన్ని గుర్తించిన, ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని కొండ ఊరి పేరే దీనికి స్థిరపడింది. పచ్చని, తెల్లని పారుడు, నోరు తెరిచి గురక పెట్టడం, కాళ్లు ఈడ్చడం, చివరకు మెడ మెలితిరగడం. మందు లేదు, టీకా ఉంది. ఒక వీధిలో మొదలైతే పది రోజుల్లో ఊరి గంపలన్నీ ఖాళీ అవుతాయి. కోళ్ల పెంపకంలో దాణా గురించి, షెడ్డు గురించి పేజీలకు పేజీలు రాస్తారు కానీ, పెరటి కోడి విషయంలో ఈ ఒక్క తెగులు ముందు మిగతావన్నీ చిన్న విషయాలే.

టీకా కొత్తదీ కాదు, ఖరీదైనదీ కాదు. పిల్లకు అయిదు నుంచి ఏడు రోజుల మధ్య లసోటా అనే టీకా చుక్క కంట్లోనో ముక్కులోనో వేయాలి, నెల రోజులకు మరోసారి. ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ అనే టీకా సూది రెక్క కింది చర్మానికి. ఈ సూది మందును అంతకంటే చిన్న పిల్లలకు వేయకూడదు. అది ఘాటైన రకం, టీకాయే వాటికి జబ్బవుతుంది. ఆ మధ్యలో ఆరో వారం ప్రాంతంలో కోడి మశూచికి రెక్క పొరలో ఒక పోటు. ఇంతే. పాటించడానికి ఇంత తేలికైనది ఇన్ని ఇళ్లలో ఎందుకు జరగదన్నదే ప్రశ్న.

జవాబు సీసాలో ఉంది. ఈ టీకాలు పొడి రూపంలో, వంద మోతాదులు మొదలుకొని వెయ్యి మోతాదుల దాకా పట్టే సీసాల్లో వస్తాయి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ద్రావణంలో కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. బ్రాయిలర్ షెడ్డువాడికి ఇదేమీ ఇబ్బంది కాదు. అతని కోళ్లన్నీ ఒకే రోజున పుట్టాయి, ఒకే కప్పు కింద ఉన్నాయి. పెరట్లో పన్నెండు కోళ్లు, వాటిలో నాలుగు వయసులు. ఆ పన్నెండింటి కోసం సీసా విప్పితే ఎనభై ఎనిమిది మోతాదులు మట్టిపాలు. పశువైద్యశాలకు వెళ్లినా అదే మాట వినిపిస్తుంది: మరికొందరిని పోగు చేసుకు రండి. నాటుకోడికి టీకా వేయించని రైతును అజ్ఞాని అనడం సులువు. అతని చేతిలో లేనిది తెలివి కాదు, ఇంకో ఎనభై ఎనిమిది కోళ్లు.

అందుకే ఈ పని ఒక ఇంటి వల్ల కాదు, వీధి వల్ల అవుతుంది. ఎనిమిది పది ఇళ్లు కలిసి నెలకో రోజు పెట్టుకుంటే సీసా వృథా కాదు. చీకటి విడవకముందే, గంపలు ఎత్తకముందే మొదలుపెడితే రెండు గంటల్లో వీధి మొత్తం పూర్తవుతుంది. తెల్లారాక కోడిని పట్టడానికి వీధంతా పరుగెత్తడం తప్ప ఫలితం ఉండదు. ఒడిశాలో ఊళ్లలో పశువుల ఆరోగ్యం చూసే కార్యకర్తలైన ప్రాణిమిత్రలకు సూది వేయడం చేతనవును. వారికి కావలసింది కలిపిన మందు చెడేలోపు చేతికందే కోళ్లు. పొదుగులు కూడా వీధంతా కూడబలుక్కుని ఒకే పక్షంలో కూర్చోబెడితే పిల్లల వయసులు దగ్గరపడి, ఎనిమిదో వారం సూది అందరికీ ఒకేసారి వస్తుంది. జబ్బుగా ఉన్న కోడికి టీకా వేయకూడదు. వారం ముందే నులిపురుగుల మందు వేస్తే టీకా బాగా పడుతుంది.

తెగులు ఊళ్లోకి ఎలా వస్తుందన్నది కూడా దాచుకోదగిన విషయం కాదు. పొరుగింట్లో రెండు కోళ్లు తూలడం చూడగానే మిగిలినవాటిని బుట్టకెత్తి సంతకు తీసుకుపోయి అయినకాడికి అమ్మేస్తారు. ఆ కంగారు అర్థం చేసుకోదగినదే. కానీ ఆ బుట్టతోపాటే తెగులు మరో పది ఊళ్లకు ప్రయాణిస్తుంది. రాయగడ జిల్లాలోని చాటికోన బుధవారం సంతలాంటి చోటుకు కొండ మీది ఊళ్ల నుంచీ, మైదానం నుంచీ మనుషులూ కోళ్లూ వస్తాయి. సంతలో కొన్న పుంజును ఇంటికి తెచ్చి నేరుగా మందలో వదిలేయడం కంటే చెడ్డ అలవాటు లేదు. రెండు వారాలు వేరే కట్టేసి ఉంచితే, ఉన్న జబ్బు ఆ లోపలే బయటపడుతుంది.

మిగిలిన శత్రువులు కంటికి కనిపించేవి. పగలు కాకి, గద్ద. సందు దొరికితే ముంగిస. రాత్రి అడవిపిల్లి, పాము. మొదటి మూడు నాలుగు వారాలు పిల్లలను గంప కింద ఉంచి, తల్లిని కాలికి తాడు కట్టి పక్కనే వదిలితే ఈ నష్టంలో ఎక్కువ భాగం ఆగిపోతుంది. గంపకే మరో ఉపయోగం ఉంది. పిల్లలు మాత్రమే దూరేంత కంతలున్న వెదురు గంప కింద మేత పెడితే పెద్ద కోళ్లు దాన్ని ముట్టలేవు. పెరట్లో గుప్పెడు నూకలు చల్లితే బలమైన పుంజు మూడు వంతులు తింటుంది, పిల్లకు దుమ్ము మిగులుతుంది. పిల్లలు మూడు నాలుగు వారాలకే వేరుపడితే తల్లి కూడా త్వరగా మళ్లీ గుడ్లకు వస్తుంది. లేకపోతే రెండు మూడు నెలలు వాటి వెనకే తిరుగుతుంది.

నూకలు, తౌడు, రాగులు పిల్ల కడుపు నింపుతాయి కానీ ఎముకనూ ఈకనూ పెంచవు. మొదటి వారాల్లో మేతలో అయిదో వంతు మాంసకృత్తులు ఉండాలి. తల్లి వెంట తిరిగే పిల్లకు అవి పేడకుప్పలో పురుగుల నుంచి వస్తాయి. గంప కింద ఉంచితే ఆ దారి మూసుకుపోతుంది కాబట్టి మనమే తెచ్చి పెట్టాలి. పాత కుండలో తడిపిన పేడ, గడ్డి కూరి చెదల పుట్ట దగ్గర బోర్లిస్తే ఒకటి రెండు రోజుల్లో చెదలు పడతాయి. పైసా ఖర్చు లేదు. లేదంటే ఆ నాలుగు వారాల మట్టుకు దుకాణంలో దొరికే పిల్లల దాణా కొనడంలో తప్పేమీ లేదు. పిల్ల తినేది గుప్పెడే. పెద్దయ్యాక మాత్రం లెక్క మారుతుంది. బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు కిలోలు పెరగడానికి మూడున్నర కిలోల దాణా చాలు. నాటుకోడిని షెడ్డులో మూసి కొన్న దాణాతోనే పెంచితే కిలో బరువుకు దాదాపు నాలుగు కిలోలు, ఒక్కోసారి అంతకు మించి పోయాలి. ఆ పందెంలో అది ఎప్పుడూ ఓడుతుంది. పురుగు, గడ్డిగింజ, అన్నం మెతుకు, కళ్లం రాలుడు, ఇలా లెక్కకు రాని మేతను మాంసంగా మార్చడమే దాని బలం. అందుకే పెరడు పోషించగలిగినంత మందే ఉండాలి. అంతకు మించిన పుంజులు నిలిస్తే సంతోషించి, అయిదో నెలలోనే తినడమో అమ్మడమో మంచిది.

ఇక జాతుల సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడి సరిహద్దు గీసినప్పుడు మనుషుల దస్తావేజులు మారాయి. సంతలు కోళ్లను మీది ఏ రాష్ట్రమని అడగలేదు. విజయనగరం, శ్రీకాకుళం వైపు డంకి, ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో అసీలు, కంధమాల్ వైపు ఫుల్బాణీ, ఉత్తరాన మయూర్‌భంజ్, కేంఝర్‌లలో హన్స్‌లీ. ఈ పేర్లు పుస్తకంలో విడివిడిగా ఉన్నా, సరిహద్దు పెరట్లో తిరిగేవి ఎక్కువగా కలగలుపు కోళ్లే. అది లోపం కాదు. అసీలు పుంజు మూడు నాలుగు కిలోలు తూగుతుంది, మాంసం గట్టిది, పెట్ట మంచి తల్లి. కానీ గుడ్లు తక్కువ, పిల్లలు చిన్ననాటి నుంచే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. డేగ, కాకి, నెమలి, సేతువ అంటూ రంగురంగుకూ పేరు పెట్టి ఈ జాతిని ఇన్ని తరాలు కాపాడింది వంటిల్లు కాదు, పందెం బరి. చట్టం నిషేధించిన పని ఒక జాతిని నిలబెట్టడం విచిత్రమే అయినా ఆ మాట చెప్పక తప్పదు.

హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం రూపొందించిన వనరాజా, భువనేశ్వర్‌లోని కేంద్ర కోళ్ల అభివృద్ధి సంస్థ పంచే పిల్లలు త్వరగా బరువు వస్తాయి, వనరాజా ఏడాదికి వంద గుడ్లదాకా పెడుతుంది. వీటిలో పొదిగే గుణం దాదాపు పోయింది. అంటే ప్రతి ఏడూ పిల్లలను కొనాలి. వాటికి మొదటి ఆరు వారాలు తల్లి బదులు బల్బు వెచ్చదనం ఇవ్వాలి. ఒంటి బరువుతో గద్దను తప్పించుకోవడమూ కష్టమే. కరెంటు నిలకడగా ఉండి, పిల్లలు దొరికే పట్టణపు శివారులో ఇవి బాగానే నడుస్తాయి. కొండ ఊళ్లో మాత్రం ఇంక్యుబేటరూ బల్బూ కాపలాదారూ అయిన నాటు పెట్టను వదులుకోవడం తెలివైన పని కాదు. కడక్‌నాథ్‌కు 2018లో ఝాబువా పేరిట భౌగోళిక గుర్తింపు వచ్చాక ఈ వైపూ ఆశలు పెరిగాయి. నల్ల మాంసం చూడముచ్చటే. కానీ ఒళ్లు చిన్నది, పొదుగు నమ్మకం లేదు. ఇంటి కూరకు అది దారి కాదు.

మాంసం గట్టిగా ఉంటుందన్న ఫిర్యాదుకు జవాబు వయసులో ఉంది. రోజంతా నడిచిన తొడ ఎర్రగా ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ కండను పట్టి ఉంచే పీచు బిగుస్తుంది. రుచీ ఆ పీచులోనే ఉంది, సన్న సెగ మీద అది కరిగి పులుసు చిక్కబడుతుంది. అయిదు నుంచి ఏడు నెలల పుంజు కూరకు సరైన ఈడు, ఏడాది దాటితే పులుసుకో చారుకో. ముందు రాత్రి మేత ఆపి నీళ్లు మాత్రం ఇచ్చి, కోసిన వెంటనే కాక రెండు మూడు గంటలు ఆగి పొయ్యి మీద పెడితే తేడా తెలుస్తుంది. ఈకలు పీకి, పసుపు రాసి, మంట మీద కాల్చే పాత పద్ధతిలో తోలు నిలుస్తుంది కాబట్టి కిలోన్నర పుంజుకు కిలో మాంసం వస్తుంది. తోలు ఒలిచేస్తే రుచీ తూకమూ రెండూ పోతాయి. చచ్చిన కోడిని, జబ్బుతో తూలే కోడిని వండడం మాత్రం ఎంత పేద ఇంట్లోనైనా మానవలసిన పని.

చివరిగా ఏ పుంజును కోయాలన్న సంగతి. పండుగ పూట కన్ను పెద్దదాని మీదే పడుతుంది. అన్నిటికంటే త్వరగా ఎదిగింది, బరువైంది, ఈక నిగనిగలాడేది ముందు పోతుంది. ఎవరూ కొనని బక్క పుంజు మిగిలి పెట్టలతో తిరుగుతుంది, మరుసటి ఏడాది పిల్లలన్నిటికీ అదే తండ్రి. పదేళ్లు ఇలా గడిచాక ‘మన కోళ్లు చిన్నవి’ అనే మాట వస్తుంది. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. ఆ ఒక్కదాన్ని నాలుగో నెలలోనే ఎంచి కాలికి గుడ్డపేలిక కట్టాలి, రెండేళ్లకోసారి మరో ఊరి పుంజుతో మార్చుకోవాలి, లేకపోతే తన కూతుళ్లతోనే జత కడుతుంది. ఛాడఖాయి తెల్లవారుజామున గుమ్మంలోకి వచ్చిన బేరగాడు అడిగేది మాత్రం ఆ పేలిక కట్టిన పుంజునే.